బూట్లకు కుదిరిన కాలు

పుచ్చకాయ కొనే విషయంలో నన్ను మోసం చేయడం అంత తేలిక కాదు. కరీంనగర్ రోడ్డు పక్కన కుప్ప పోసిన చోట ఆగి, ఒక్కో కాయనూ చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి, తొడిమ చూసి, కింద పసుపు మచ్చ చూసి, చివరికి అమ్మేవాడి ఓపిక కూడా ఎంతుందో చూసి, అప్పుడు గానీ సంచిలో వేయించుకోను. అంతటి పరీక్షాధికారిని, బతికినన్నాళ్ళూ తొడుక్కుని తిరగాల్సిన కాలు చేయించుకోవడానికి మాత్రం ఒక మనిషిని నాలుగు నిమిషాల్లో ఎంచుకున్నాను. ఎందుకు ఎంచుకున్నానంటే, అతను నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అదే మర్యాద అనుకున్నాను.

ముప్పై ఏళ్ళుగా బడిలో తెలుగు చెబుతున్నాను. మూర్ఖుడు అన్న మాటకు పర్యాయపదాలు పిల్లల చేత ఆరు దాకా వల్లె వేయించాను. ఏడోది నేనని తెలుసుకోవడానికి కాలు పోవాల్సి వచ్చింది.

కాలు పోయిన కథ పెద్ద పొడుగైనదేం కాదు. కాలే పొట్టిదైంది. ఒంట్లో చక్కెర ఉంది. చెప్పులోంచి ఒక మేకు పైకి పొడుచుకొచ్చి రెండు రోజులు అరికాల్లో గుచ్చుకుంటూ ఉన్నా నాకు తెలియలేదు. తెలిసేసరికి పాదం నల్లబడింది. మోకాలి కింద జానెడు ఉంచి, మిగతాది తీసేశారు. మెలకువ వచ్చాక సర్జన్ నా మంచం పక్కన నిలబడి చెప్పిన మాటలు ఇప్పటికీ ఒత్తులతో సహా గుర్తున్నాయి.

"మోకాలు దక్కించాను మాస్టారూ. అదుంటే బస్సెక్కుతారు, నిలబడి పాఠం చెబుతారు. అది పోతే ప్రతి అడుగూ మూడింతల కష్టం. మిగిలిన మొండికాలి మీద పుండు పడనివ్వకండి. పడి మానలేదంటే నేను ఇంకా పైకి పోవాలి."

ఆయన కత్తి మోకాలి పైకి పోవాలని ఆయన ఉద్దేశం. మనిషే పైకి పోతాడని నాకు అర్థమైంది. రెండు అర్థాలూ నాకు నచ్చలేదు.

ఆ రోజు నుంచి నా బెంగంతా ఆ ఒక్క మోకాలి చుట్టూ చేరింది. పొద్దున్న లేవగానే మొండికాలి కింద అద్దం పెట్టి చూసుకునేవాణ్ణి. చర్మానికి స్పర్శ సరిగా లేదు కాబట్టి చర్మం చేయాల్సిన పని కళ్ళు చేయాలని నర్సు చెప్పింది. ఆ అద్దం మా ఆవిడది. శామీర్‌పేటలో మా ఇంటి ముందు గదిలో ఆమె జాకెట్లు కుడుతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు వీపు చూసుకోవడానికి ఆమె ఇచ్చే గుండ్రటి అద్దం అది. "మనిషికో అద్దం గావాల్నా గీ ఇంట్ల? ఇచ్చి సావు," అనేది గిరాకీ వచ్చినప్పుడు.

ఆస్పత్రి నర్సు రెండు చోట్లు చెప్పింది. ఆ పని చేసేవాళ్ళను ప్రోస్థటిస్టులంటారట. ఆ మాట నోరు తిరగడానికే నాకు వారం పట్టింది. అంత కష్టమైన పేరున్నవాళ్ళు తప్పకుండా కోటు వేసుకుంటారని ఊహించుకున్నాను.

మొదట మేడ్చల్ వెళ్ళాం. మార్కెట్ వెనక సందులో రేకుల కప్పు వేసిన ఒక పొడుగాటి గది. గోడకు వరసగా ప్లాస్టర్ కాళ్ళు వేలాడుతున్నాయి. లోపల ముప్పై అయిదేళ్ళ మనిషి, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని, మోచేతుల దాకా తెల్లటి పిండితో ఉంది. శామీర్‌పేట దాటాక వచ్చే ఒక ఊళ్ళో వాళ్ళ ముస్లిం కుటుంబం వ్యవసాయం చేస్తుందని తర్వాత తెలిసింది. ఆమె పనిమనిషేమో అనుకుని, "డాక్టరుగారు ఎక్కడమ్మా?" అని అడిగాను.

"డాక్టర్ లేడు సార్. కాళ్ళు జేసేది నేనే. కూసోండ్రి," అంది.

కూర్చోగానే ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఇంట్ల చెప్పులేసుకుంటరా సార్?"

"ఇంట్లో చెప్పులేందమ్మా? వాకిట్లనే ఇడుస్తం."

"అన్నం కింద కూసోని తింటరా, టేబుల్ మీదనా?"

"కిందనే."

"లెట్రిన్ ఎసొంటిది? కుర్చీ లెక్కనా, మనదా?"

నేను గోడ మీది కాళ్ళ వైపు చూడటం మొదలుపెట్టాను. మా ఆవిడకు అలాంటి మొహమాటాలు లేవు. "మనదేనమ్మా. ఇప్పటిమట్టుకు ప్లాస్టిక్ కుర్చీ నడుమల కోసి పెట్టిన," అని చెప్పేసింది.

"పూజకు కింద కూసుంటరా? బడిల ఎంతసేపు నిలవడ్తరు? బస్సెక్కుతుంటే ఏ కాలు ముంగట వెడ్తరు? మీ పాత చెప్పులు తెచ్చిన్రా?"

"పాత చెప్పులు ఎందుకమ్మా? పారేసినం."

"అయ్యో. మీరెట్ల నడిచెటోళ్ళో అవే చెప్పునుండే."

తర్వాత లుంగీ పైకి జరపమంది. పరాయి ఆడమనిషి ముందు సొంత కాలు చూపించడమే నాకు అలవాటు లేదు, పైగా సగం కాలు. ఆమె బొటనవేలితో ఒక్కో చోట నొక్కుతూ, "ఈడ తెలుస్తాందా? ఈడ?" అని అడుగుతుంటే, ఎలాగైనా ఆ పరీక్షలోంచి బయటపడాలని అన్నిటికీ తెలుస్తోందని చెప్పాను. నా క్లాసులో వెనక బెంచీ వాడు అర్థమైందా అంటే తల ఊపినట్టు.

"వాపు ఇంక దిగలే సార్. ఇప్పుడు చేస్తే నెలకే వదులైతది. ఇంకో నెల ఆగుండ్రి," అంది చివరికి.

బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది. నాకు ఆగే ఓపిక లేదు. ఊత కర్రల మీద బయటికి వస్తూ, "కాలు చేయమంటే కాపురం వివరాలన్నీ అడుగుతదేంది?" అన్నాను.

"జాకెట్ కుట్టాలన్నా నేను గన్ని అడుగుత. చేతులు మీదికి లేపుమంట, వంగుమంట. ఊకె కొలుస్తే అయితదా?"

"అది జాకెట్. ఇది వైద్యం."

"రెండు ఒంటికే గదనయ్యా వేసేది?"

నేను ఒంటికాలి మీద లేచాను. ఆ రోజుల్లో నేను లేవగలిగినది అలాగే.

రెండో చోటు నగరంలో, అద్దాల షోరూం. తలుపు దానంతట అదే తెరుచుకుంది. లోపల చల్లగా ఉంది. నేల మీద మెత్తటి కార్పెట్. గోడకున్న టీవీలో ఇనుప కాళ్ళవాళ్ళు కొండలెక్కుతున్నారు. టై కట్టుకున్న యువకుడు ఎదురొచ్చి నా కర్ర అందుకుని, "కాఫీనా, టీనా సార్?" అన్నాడు. ప్రశ్న అంటే అలా ఉండాలి, జవాబు కష్టం కాకుండా. లుంగీ తనే మోకాలి దాకా జరిపాడే గానీ, వేలితో నొక్కలేదు. టార్చిలైటు లాంటి యంత్రాన్ని మొండికాలి చుట్టూ తిప్పాడు, అంతే. "మీరేం ఆలోచించకండి సార్, అంతా మేం చూసుకుంటాం," అన్నాడు. ఆలోచించకుండా ఉండటంలో నాకున్న అనుభవం కొద్దీ వెంటనే ఒప్పుకున్నాను.

కాలు సిద్ధమైన రోజున మంచి బూట్లు తెచ్చుకోమన్నారు. పెళ్ళి తర్వాత నేను బూట్లు కొన్నది లేదు. నల్లటివి, మడమ కింద అంగుళం ఎత్తున్నవి కొన్నాను. పెద్ద చోటికి పోతున్నాం, చెప్పులతో పోతే ఏం బాగుంటుందని.

"ఎవలికి గివి?" అంది మా ఆవిడ.

"నాకే."

"ఏ దినమన్న ఏసినవా?"

ఆ బూట్లు తొడిగి, కాలు తొడిగి, రెండు కడ్డీల మధ్య నడిపించారు. తర్వాత కార్పెట్ మీద. కాలు బుద్ధిగా నడిచింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. పూలకుండీ పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. నాకు కళ్ళు చెమర్చాయి కూడా.

ఇంటికొచ్చాను. గడప ముందు ఆగి బూట్లు విడిచాను. పుట్టినప్పటి నుంచి ఏ గడప ముందైనా చేసిన పని అది. కొత్త పాదం నుంచి బూటు ఊడి రాకపోతే మా ఆవిడ కూర్చుని లాగింది. లోపలికి మొదటి అడుగు వేశాను. ఇల్లు వెనక్కి ఒరిగినట్టైంది. తలుపు చెక్క పట్టుకున్నాను. రెండో అడుగుకు మోకాలు వెనక్కి తన్నుకుపోయింది. ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా బయటికి తోస్తున్నట్టు ఉంది.

"ఏమైంది?"

"ఏం లేదు. అలవాటైతది."

బడిలో పరవాలేదు. బూట్లతో దర్జాగా నిలబడి సంధులు చెప్పాను. ఇంటికొచ్చి బూట్లు విడవగానే మళ్ళీ అదే ఒరుగుడు. ఈ కాలు బయట బుద్ధిమంతురాలు, ఇంట్లో మొండిది. చాలామంది మగవాళ్ళు ఇలాగే కదా అని నాకు నేనే నవ్వుకున్నాను గానీ, ఎందుకిలా అని ఆలోచించలేదు. ఇంట్లో కూడా బూట్లతో తిరుగుదామని ఒకరోజు ప్రయత్నించాను. "దేవుని మూలకు గూడ బూట్లతోనే వస్తవా?" అని ఆవిడ ఒక్క కేక వేసింది. విడిచేశాను.

వారం తిరక్కముందే అద్దంలో ఎర్రటి మచ్చ కనబడింది. మొండికాలి చివర, ముందు వైపు, ఎముక మొన ఉన్న చోట. కందిగింజంత. పొద్దున్నకు పోతుందనుకున్నాను. పోలేదు. షోరూంకు ఫోన్ చేశాను.

"అలవాటైపోతుంది సార్. ఇంకో సాక్సు వేసుకోండి."

మొండికాలు దిగే గిన్నెలాంటి తొడుగును సాకెట్టు అంటారు. దానికీ చర్మానికీ మధ్య సాక్సు వేసుకోవాలి. ఒకటి వేసుకున్నాను, రెండు వేసుకున్నాను, మూడు. మళ్ళీ ఫోన్ చేస్తే, ఎండల వల్ల అన్నారు. ఇంకోసారి చేస్తే, మీ బరువు వల్ల అన్నారు. సాకెట్టు, సాక్సు, సాకు, మూడూ ఒకే చోట దొరికే షోరూం అది.

మచ్చ చింతగింజంత అయింది. అప్పటి నుంచి అద్దం చూసుకోవడం మానేశాను. చూడకపోతే లేనట్టే అన్న ధైర్యం. కానీ పాఠం చెబుతూ చెబుతూ పిల్లల ముఖాలకు బదులు సర్జన్ ముఖం కనిపించేది. ఆయన చెయ్యి నా మోకాలి మీదకు పాకి, ఆగి, అక్కడి నుంచి పైకి గీత గీసేది. బల్ల కింద చెయ్యి పెట్టి మోకాలు ఉందో లేదో తడుముకునేవాణ్ణి. మా ఆవిడతో ఏమీ అనలేదు. చెబితే, మేడ్చల్‌లోనే చేయించుకుందామని నేనప్పుడే అన్నా కదా అంటుందని భయం. మోకాలు పోయే భయం కంటే మాట పడే భయం ఎక్కువైందంటే నా తెలివిని మీరే కొలవండి.

ఒక ఆదివారం ఆమె బట్టలు ఉతుకుతూ సాక్సు పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. చేతుల మీద నురగ ఇంకా ఉంది.

"గిదేంది?"

"చెమట."

"చెమట పచ్చగుంటదా?"

నేను పేపర్ తిరగేశాను.

"మరకలు చూసుడే నా పని. ఏ మరకేందో నాకు చెప్తవా? కాలు తియ్యి."

తీశాను. చర్మం చిట్లి తడిగా ఉంది. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. కింద కూలబడి చాలాసేపు దాన్ని చూసి, "మోకాలు పోతే ఎట్లయ్యా?" అంది, అంతే.

తర్వాత ఆమెకు కోపం వచ్చింది, నాకు కొంచెం ఊపిరి వచ్చింది. "ట్రయల్ చూడంది నేను మొకం తెల్వనోళ్ళకు గూడ జాకెట్ ఇయ్య. నువ్వు పూలకుండి పక్కన ఫోటో దిగి కాలు తెచ్చుకున్నవు. ఇగ లే."

ఆటోలో శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా గుంత వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి నా మోకాలి మీద పడేది, పిల్లవాడి తల పట్టుకున్నట్టు. ఆదివారం కదా, కాళ్ళు చేసే ఆమె ఉంటుందో లేదో అనుకున్నాం. ఆమె ఉంది. ఎవరిదో ప్లాస్టర్ కాలు ఆకురాయితో గీస్తోంది. నన్ను చూసి, నా కాలు చూసి, ఆకురాయి పక్కన పెట్టింది. నేనప్పుడే చెప్పలేదా అని అనలేదు. ఆ మాట కోసం దారంతా సిద్ధం చేసుకున్న జవాబు వృథా అయింది.

"పుండు ఎన్ని దినాలాయె సార్?"

"మూడు."

"సచ్ చెప్పుండ్రి."

"పది."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి చుట్టూ నొక్కి చూసింది. "ఈడ తెలుస్తాందా?"

"లేదు."

"అప్పుడు తెలుస్తదంటిరి గద?"

"అప్పుడు అబద్ధం చెప్పిన."

"సార్, మీరు ఒక్క అబద్ధం చెప్తే అది నా చేతులకెళ్ళి సాకెట్ల పడ్తది. ఆడికెళ్ళి మీ ఎముక మీద పడ్తది. తెల్వకపోతే తెల్వదనాలె. తెల్వని చోట బరువు పడకుంట నేను చూసుకుంట." నోటు పుస్తకంలో ఏదో కొట్టేసి మళ్ళీ రాసుకుంది. ముప్పై ఏళ్ళుగా నేను పిల్లలకు చెప్పే మాటే అది, రాకపోతే రాదని చెప్పమని. నా మాట నాకే పాఠంగా రావడం అదే మొదటిసారి.

పుండు మీద పలచటి కట్టు వేసి, "ఒక్క నిమిషం కాలేసి నిలవడుండ్రి. బరువంత బల్ల మీదనే పెట్టుండ్రి," అంది. నిలబడ్డాను. గది వెనక్కి ఒరిగింది. ఆమె వంగి, మూల పడున్న అంగుళం మందం చెక్క ముక్క తెచ్చి ఆ పాదం మడమ కింద దోపింది. గది నిటారుగా నిలబడింది. చెక్క లాగేసింది, ఒరిగింది. మళ్ళీ పెట్టింది, నిలబడింది.

"సమజైందా? ఈ కాలు మీకు చేయలే సార్. మీ బూట్లకు చేసిన్రు. బూటు ఇడుస్తే మడమ కిందికి పోతది, మోకాలు ఎనుకకు తంతది, ఎముక మొన ముంగట ఒత్తుకుంటది. మనోళ్ళు దినానికి పదిసార్లు చెప్పులిడుస్తరు గద. అది అడగకుంట కాలెట్ల చేస్తరు?"

"బూట్లకు మాత్రం మస్తు కుదిరింది," అంది మా ఆవిడ. నోరు నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు.

"నాతోని నయమయ్యే పుండు కాదిది. రేపే సర్జన్ దగ్గరికి పోండ్రి. మానేదాక కాలు ముట్టద్దు. మానినంక రండ్రి," అంది ఆమె.

సర్జన్ కళ్ళద్దాలు ముక్కు మీదకు జార్చి చూశాడు. మోకాలి చుట్టూ వేళ్ళతో తడిమాడు. "ఎముక దాకా పోలేదు. మూడు వారాలు చూద్దాం. మానకపోతే..." అని ఆపాడు. పిల్లలు వాక్యం పూర్తి చేయకపోతే ఎర్ర సిరాతో గీత కొట్టే నేను, ఆ వాక్యాన్ని మాత్రం ఎవరూ పూర్తి చేయకూడదని మొక్కుకున్నాను.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో చెప్పాలంటే అద్దం ఒక్కటే సాక్షి. పొద్దున్నే మా ఆవిడ అద్దం పట్టుకునేది, నేను వంగి చూసేవాణ్ణి. చింతగింజ. నాలుగు రోజులకు ఇంకా చింతగింజే. అన్నం తూచినట్టు పెట్టేది, చక్కెర చూసేది. ఒక సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. విషం లోపలికి పాకిందని నేను నిశ్చయించుకుని బీరువా తాళాలెక్కడున్నాయో ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. "నాకు తెల్వదా? పెట్టేది నేనే గద," అని నుదుటి మీద తడిబట్ట వేసింది. తెల్లారేసరికి అది ఉత్త జలుబని తేలింది. పన్నెండో రోజుకు కందిగింజ. తర్వాత ఆవగింజ. ఇరవై రోజులకు అద్దంలో గింజ లేదు, గులాబీ రంగు కొత్త చర్మం ఉంది. ఇద్దరం అద్దం తిప్పి తిప్పి చూశాం, ఎక్కడైనా దాక్కుందేమోనని. సర్జన్ కూడా చూసి, ఆ వాక్యం జోలికి పోకుండా, "ఈసారి జాగ్రత్త," అన్నాడు.

మేడ్చల్ ఆమె షోరూం కాలులోని పాదం, దాని పైనున్న గొట్టం అలాగే ఉంచి, సాకెట్టు మాత్రం కొత్తది చేస్తానంది. తడి ప్లాస్టర్ పట్టీలు చుట్టి రెండు చేతులతో మెల్లగా ఒత్తుతూ, నాకు స్పర్శ తెలియని చోట్లన్నీ తన వేళ్ళతో గుర్తు పెట్టుకుంది. వారానికి పిలిచింది. పిలుస్తూ, "రోజు ఎట్లుంటరో అట్లనే రాండ్రి. లుంగీ, చెప్పులు. కొత్తయి ఏం కొనకుండ్రి," అని మరీ మరీ చెప్పింది.

మొదటి ట్రయల్‌కు సాకెట్టు గాజులా పారదర్శకంగా ఉంది. లోపల చర్మం ఎక్కడ తెల్లబడుతుందో బయటికి కనిపించడానికట. ముందు ఉత్త కాళ్ళతో రేకుల గదిలో నడిపించింది. పాదం దగ్గరి మరలు కొంచెం తిప్పి మళ్ళీ నడిపించింది. తర్వాత సందులో కంకర మీద, మోరీ కాలువ పక్క వాలులో, బస్సు మెట్టంత ఎత్తున్న పీట మీదకు. తర్వాత కింద కూర్చుని లేవమంది. లేచాను. నా కూతురి వయసు మనిషి ముందు గుంజీలు తీసినట్టైంది. అరగంట తర్వాత కాలు తీయించి, తన ఫోన్ గడియారం నా ముందు పెట్టింది.

"పది నిమిషాలు సార్. ఎరుపు పోతే సాకెట్టు మంచిగున్నట్టు. పోకపోతే మళ్ళ చేస్త."

మా ముగ్గురి తలలూ ఆ మొండికాలి మీదకు వంగాయి. పక్కల్లో ఎరుపు మూడో నిమిషానికి పోయింది. ఎముక మొన దగ్గర ఒక చుక్క మిగిలింది. ఐదు. ఏడు. పది. అది పోలేదు. ఆమె ఏమీ కంగారు పడకుండా ఆ చోట సాకెట్టును వేడిచేసి లోపలి నుంచి బయటికి ఉబ్బించింది. మళ్ళీ నడక, మళ్ళీ గడియారం. రెండోసారి కూడా చుక్క మిగిలింది, పలచగా.

"పరేషాన్ గాకుండ్రి. నాకు ఇయ్యాల వేరే పని లేదు," అంది. ఉంది. బల్ల మీద ముగ్గురి కాళ్ళు ఎదురుచూస్తున్నాయి.

మూడోసారి నేను గడియారం చూడలేకపోయాను. గోడ మీది ప్లాస్టర్ కాళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పద్నాలుగు ఎడమవి, తొమ్మిది కుడివి.

"పోయింది," అంది మా ఆవిడ.

మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ చెడ్డకే వాడాం. తలెత్తి చూస్తే ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ మొండికాలి వైపు వేలు చూపిస్తోంది. అక్కడ ఏమీ లేదు. చర్మం రంగు చర్మం.

"ఎనిమిది నిమిషాలల్ల," అంది కాళ్ళు చేసే ఆమె, నోటు పుస్తకంలో రాసుకుంటూ. "చెప్పులు మడమ కాడ, ముంగట ఒక్క తీరు మందమున్నయి కొనుక్కోండ్రి. ఇగ బూట్లు ఎవలికన్న ఇచ్చేయుండ్రి."

కథ ఇక్కడితో అయిపోవాలి. నేనూ అయిపోయిందనే అనుకున్నాను. నాలుగు నెలలు పొద్దున్నే అద్దం చూసుకుంటూ, ఏమీ కనబడక, రోజూ కొంచెం కొంచెం భయం తగ్గించుకుంటూ గడిపాను. అప్పుడు గాజులరామారం నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మీకు కాలు మంచిగున్నదంట గద? గాడ గోడకు మీ ఫోటో చూసినం. పూలకుండి పక్కపొంటి. నల్ల బూట్లు."

ఆమె భర్తకు ఫ్యాక్టరీలో మిషన్ కింద పడి కాలు పోయిందట. కంపెనీవాళ్ళు ఆ అద్దాల షోరూంలోనే చేయించుకోవాలని రాసిచ్చారట. తృప్తి చెందిన కస్టమర్ అని షోరూంవాళ్ళు నా ఫోటో పెట్టడమే కాకుండా, అడిగినవాళ్ళకు నా నంబరు కూడా ఇస్తున్నారట. నాకు ఒళ్ళు మండింది. ఈసారి రెండు కాళ్ళ మీద లేచాను. తిట్టబోయి ఆగాను. వాళ్ళకు వేరే చోటికి పోయే వీలు లేదు. నేను తిడితే ఆమె భర్త మోకాలికి ఏం లాభం?

"అమ్మా, పోండి. గాని చెప్పులు ఇడిచి నడిపించందే కాలు తీసుకోకుండ్రి," అన్నాను. మేడ్చల్ ఆమె నన్ను అడిగినవీ, నా చేత చేయించినవీ అన్నీ ఒక్కొక్కటే చెప్పాను, వాళ్ళు అడగకపోతే మీరే చెప్పండని. తర్వాతి వారం యాప్రాల్ నుంచి ఒక చర్చి పెద్దాయన చేశాడు, వాళ్ళ చెల్లెలి కోసం. ఆయనకూ చెప్పాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరికి.

పదిహేను రోజులు తిరక్కుండానే టై కట్టుకున్న యువకుడు ఫోన్ చేశాడు.

"సార్, మీరు మా కస్టమర్లకు ఏం చెబుతున్నారు? వచ్చినవాళ్ళంతా కార్పెట్ తీయమంటున్నారు. పది నిమిషాలు గడియారం పెట్టుకుని కూర్చుంటున్నారు. నిన్న ఒకాయన అందరి ముందూ గొంతుక్కూర్చుని చూపించారు సార్!"

"లేవగలిగాడా?"

"...లేపాల్సి వచ్చింది. సార్, మీ ఫోటో తీసేస్తాం."

"ఎందుకండీ? మీ కాలు వేసుకుని చాలాసార్లు పడబోయాను గానీ, ఆ ఫోటోలో మాత్రం బాగా పడ్డాను."

అతను ఫోన్ పట్టుకుని పక్కకు నడిచిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి, "పోనీ, అవేంటో అన్నీ ఒకేసారి చెప్పండి సార్. మేమే ముందు అడిగేస్తాం," అన్నాడు.

ఇంతకాలం ఎదురుచూసిన గంట కొట్టినట్టైంది నాకు. "కాగితం, పెన్ను తీసుకో నాయనా. డిక్టేషన్," అన్నాను.

ఫోన్‌లో టైప్ చేసుకుంటానన్నాడు. కుదరదు, చేత్తోనే అన్నాను. ఒక్కో ప్రశ్ననూ రెండేసిసార్లు, నిదానంగా, కామాలతో సహా చెప్పాను. మధ్యలో ఎవరో పిలిస్తే, "క్లాసు అయ్యేదాకా లేవకూడదు," అన్నాను. అయ్యాక పైకి చదవమన్నాను. అక్కడ కూర్చున్న కస్టమర్లు వింటున్నారని గొణిగాడు. "అందుకే గొంతు పెంచు. వెనక బెంచీకి వినపడాలి," అన్నాను. చదివాడు. ఎక్కడ తడబడితే అక్కడ మళ్ళీ చదివించాను. లోపల మా ఆవిడ మిషన్ తొక్కడం ఆపి మరీ వింటోంది.

"పదికి ఆరు," అన్నాను చివరికి.

"మిగతా నాలుగు ఎందుకు పోయాయి సార్?" అన్నాడు, పాపం, నిజంగానే చిన్నబుచ్చుకుని.

"పోలేదు, ఆపాను. ఆ గాజులరామారం అబ్బాయి మీరు చేసిన కాలుతో, చెప్పులు లేకుండా, మా ఇంట్లోకి నడిచొచ్చిన రోజు వేస్తాను."

అతను ఇంకా రాలేదు. కాలు మళ్ళీ చేస్తున్నారని, ఇది మూడో ట్రయల్ అని, మొన్న వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పింది.